దుప్పట్లోకి రాని బరువు

మీ నర్సింగు కాలేజీ సంచిక కోసం నా ఉద్యోగంలో గర్వపడదగ్గ సంగతి ఒకటి రాసి పంపమన్నారు. చాలాసేపు కూర్చుని ఆలోచించాను. గుర్తొచ్చినవన్నీ పొరపాట్లే. వాటిలో కాస్త పెద్దదాన్ని ఏరి పంపుతున్నాను. ఇందులో గర్వం ఎక్కడుందని మొదటి పేజీలోనే వెతక్కండి. అది నాకు దొరకడానికే మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు మీకు చక్రాల బళ్ళున్నాయి. ఆపరేషను బల్లకు బండి ఆనించి, ఎత్తు సరిచేసి, రోగిని ఇటు జరిపేస్తారు. నలభైలలో మా బెజవాడ ఆసుపత్రిలో చక్రాలున్నవి రెండే: పెద్ద డాక్టరు గారి కారు, వంటింటి నీళ్ళ పీపా. ఆ రెంటి మీదా రోగుల్ని ఎక్కించే అలవాటు లేదు కాబట్టి మిగతాదంతా మా చేతుల మీదుగానే నడిచేది. ఆపరేషను అయిన మనిషి కింద ముతక దుప్పటి ఒకటి ఉంటుంది. దాని అంచులు చుట్టి, అటు ఇద్దరు ఇటు ఇద్దరు పట్టుకుని, మనిషిని జానెడు ఎత్తు లేపాలి. ఆ సందులో ఐదో మనిషి కాళ్ళ వైపునుంచి స్ట్రెచరు తోయాలి. ఆ స్ట్రెచరును పొడుగాటి వరండా వెంట మోసుకెళ్ళి, వార్డులో మంచం మీద అదే పద్ధతిలో దింపాలి. రాస్తే ఇంతే. మత్తులో ఉన్న మనిషి తన మెడ తాను నిలుపుకోలేదు, తన కుట్లు తాను కాపాడుకోలేదు. అవన్నీ మన పూచీ.

నేను మద్రాసులో శిక్షణ పొంది, పట్టా పుచ్చుకుని, ఆ పట్టా ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుని బెజవాడ వచ్చినదాన్ని. చేరిన ఆరో నెలలో ఒక రోజు సెలవులో ఉన్నాను. ఆ రోజు మా నర్సులు ఒకామెను బల్ల మీదనుంచి లేపుతూ లెక్కపెట్టారు. ఇద్దరు ‘త్రీ’ అంటుండగా ఎత్తారు, ఇద్దరు ‘త్రీ’ అన్నాక ఎత్తారు. మనిషి ఒరిగిపోయింది, కుట్లు విడిపోయాయి. మళ్ళీ మత్తు ఇచ్చి, మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. ఆమె బతికింది గానీ మూడు వారాలు జ్వరంతో మంచం పట్టింది.

పెద్ద డాక్టరు గారు మితభాషి. కోపం వస్తే ఇంకా మితం. మా పెద్ద సిస్టరునీ నన్నూ పిలిచి, ఇక రోగుల్ని ఎత్తే పని నర్సులకు వద్దన్నారు. వన్ టౌన్ గోదాముల్లో బస్తాలు మోసే హమాలీలను ఇద్దర్ని జీతానికి పెట్టుకుంటానన్నారు. వాళ్ళు బస్తా జారవిడవడం తానెప్పుడూ చూడలేదట. ఆడ రోగుల మీద వాళ్ళ చెయ్యి పడితే ఇంటివాళ్ళు ఒప్పుకోరని పెద్ద సిస్టరు అంది.

“కుట్లు తెగితే ఒప్పుకుంటారా?” అన్నారాయన.

ఆవిడ బతిమాలగా బతిమాలగా నెల రోజులు గడువిచ్చారు. ఈలోగా ఎనిమిది మంది నర్సులకూ పరీక్ష పెట్టాలి. పాసయినవాళ్ళే రోగిని ముట్టుకోవాలి. తప్పినవాళ్ళు థియేటరు గడప తొక్కకూడదు. ఒక్క పొరపాటు మళ్ళీ జరిగితే హమాలీలు వస్తారు. పరీక్ష పెట్టే పని మద్రాసు పట్టాకు, అంటే నాకు, అప్పగించారు. నేను ఎంత పొంగిపోయానంటే, ఆ సాయంత్రమే వెళ్ళి కొత్త నోటుపుస్తకమూ, ఒక వైపు ఎరుపు ఒక వైపు నీలం ఉండే పెన్సిలూ కొనుక్కున్నాను.

ఎనిమిది మందిలో ఏడుగురు అనుభవమున్నవాళ్ళు. ఎనిమిదో అమ్మాయి ఇంకా శిక్షణలో ఉంది. మా హాస్టలులో అందరినీ ఊరి పేరుతో పిలుచుకునేవాళ్ళం. ఆ లెక్కన ఆమె ‘పెడన’. మగ్గాల ఇంటి పిల్ల. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క తండ్రి మగ్గం మూలబడితే, నర్సు పనిలో చేరింది. నోట్లోంచి మాట రాలడం అరుదు. థియేటరులో ఆర్నెల్లు పనిచేసినట్టు రాసిస్తేనే ఆమెకు సర్టిఫికెట్టు వస్తుంది. అందులో నాలుగు నెలలు అయ్యాయి. పరీక్ష తప్పితే థియేటరు లేదు, థియేటరు లేకపోతే సర్టిఫికెట్టు లేదు, అది లేకపోతే తిరిగి పెడనకు, ఆడని మగ్గం దగ్గరకు. ఈ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

పరీక్షకు రోగి కావాలి కదా. మా వార్డు ఆయాను పడుకోబెట్టాను. ఆసుపత్రి మొత్తం మీద బరువైన మనిషి ఆవిడే. ఆవిడను ఎత్తినవాళ్ళు ఎవరినైనా ఎత్తగలరని నా లెక్క. క్లోరోఫారం ఇచ్చినట్టు పడుకోమన్నాను. ఆవిడ నోట్లో కిళ్ళీ బయట ఉమ్మేసి వచ్చి, కళ్ళు మూసుకుని, దేవుడి ముందు నిలబడ్డంత భక్తిగా పడుకుంది.

ఒక్కొక్కరూ వంతులవారీగా తల వైపు నిలబడి నాయకత్వం వహించాలి. నేను ఇరవై అంశాలు రాసుకున్నాను. అంచులు చుట్టారా, తల పక్కకు తిప్పారా, లెక్క గట్టిగా చెప్పారా, ‘త్రీ’ అన్న మాటతోపాటే ఎత్తారా. పాత తప్పంతా లెక్కలోనే ఉందని నా నమ్మకం కాబట్టి చివరి రెంటికీ మార్కులెక్కువ. మూడు రోజులు సాధన చేయించి నాలుగో రోజు పరీక్ష పెట్టాను. ఏం చెప్పమంటారు! “వన్, టూ, త్రీ” అనగానే అంత పెద్ద ఆయా విస్తరాకు లేచినట్టు లేచేది. కాస్తయినా ఒరగదు, ఊగదు. నా బోధన మీద నాకే ముచ్చటేసింది. ఏడుగురికీ నీలం గీతలు పెట్టాను.

చివరి వంతు పెడనది. ఆమె తల వైపు నిలబడింది, అంచులు చుట్టింది, “వన్, టూ” అంది. ఆగిపోయింది. చేతులు సడలించి దుప్పటి కింద పెట్టేసింది.

ఏమైందని అడిగాను.

“ఈవిడ బరువు దుప్పట్లోకి రాలేదండీ,” అంది.

మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. గుడివాడ నుంచి వచ్చిన నర్సు మాటకారి. “ఇంకెంత రావాలే తల్లీ? ఆయమ్మ మీద రెండు ధాన్యం బస్తాలు కూడా పెట్టమంటావా?” అంది. కళ్ళు మూసుకునే ఉన్న ఆయా పెదాలు కూడా వణికాయి.

మళ్ళీ చెయ్యమన్నాను. మళ్ళీ అంచులు పట్టుకుంది, మళ్ళీ మధ్యలో ఆగింది. ఈసారి కళ్ళల్లో నీళ్ళు. “మీరు పట్టుకు చూడండి సిస్టరు గారూ. నడుం దగ్గర బరువే లేదండీ,” అంది. పరీక్ష పెట్టేవాళ్ళు చేతులు కలపకూడదని నేను చదువుకున్నాను. అందుకని పట్టుకు చూడలేదు. లెక్క పూర్తి చెయ్యలేదు, ఎత్తలేదు, నాకర్థమయ్యే కారణం చెప్పలేకపోయింది. పెన్సిలు తిప్పి ఎర్ర గీత పెట్టాను. ఫలితాల కాగితం థియేటరు తలుపు పక్కన అంటించాను. ఏడుగురు పాసు, ఒకరు తప్పారు.

మర్నాడు పెడన నా గదికి వచ్చింది. వేరే ఎవరినైనా పడుకోబెట్టి ఇంకొక్కసారి చూడమంది. పరీక్ష అందరికీ ఒకటేనమ్మా, నీ కోసం రోగిని మార్చలేను అన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఎంత న్యాయంగా కనిపిస్తోందో చూడండి. అప్పుడూ అంత న్యాయంగానే కనిపించింది. ఆమె వెళ్ళిపోయింది. వార్డులో మంచాలు సర్దే పని, వేడినీళ్ళ సీసాలు సిద్ధం చేసే పని ఆమెకు వేశాం.

ఆ తరవాతి సోమవారం దివిసీమ వైపునుంచి ఒక రైతుల ఇంటి కోడలిని బందరు కాలువలో పడవ మీద తీసుకొచ్చారు. కడుపులో కంతి. ముగ్గురు పిల్లల తల్లి. పీనుగులా పాలిపోయి ఉంది. ఆపరేషను రెండు గంటలు పైనే పట్టింది. కంతి తీశారు, కుట్లు వేశారు. పెద్ద డాక్టరు గారు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగారు. నాలుగు మూలలా నా పుస్తకంలో ఎక్కువ మార్కులొచ్చిన నలుగురు. తల దగ్గర పర్యవేక్షణకు నేను. లెక్క కూడా నేనే పెట్టాను, గట్టిగా, స్పష్టంగా.

‘త్రీ’ అన్నాను. నలుగురూ ఒక్కసారే ఎత్తారు. లెక్కలో వెంట్రుకవాసి తేడా లేదు. కానీ మనిషి లేవలేదు. దుప్పటి లేచింది, ఆమె నడుం మాత్రం మధ్యలో నీళ్ళతిత్తిలా కిందికి జారింది. అంచులు చేతుల్లోంచి జారడం మొదలెట్టాయి. తల ఒక పక్కకు వాలిపోతే రెండు చేతులతో పట్టుకున్నాను. స్ట్రెచరు తోయబోయిన ఆమెకు సందు దొరకలేదు. “దించండి, దించండి” అన్నాను. ఎలాగో మళ్ళీ బల్ల మీదికే దించారు. కట్టు మీద రక్తం కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. బరువు దించేటప్పటికి మా పరువు కూడా దిగింది.

పెద్ద డాక్టరు గారు తడిచేతులతో వచ్చి నాడి చూశారు, కట్టు చూశారు. తరవాత నన్ను చూశారు.

“సిస్టర్, పాసయినవాళ్ళు వీళ్ళేనా?”

“వీళ్ళేనండీ.”

“కాంపౌండరును పిలవండి. బయట గట్టిగా ఉన్న మగవాళ్ళను ఇద్దర్ని వెంటబెట్టుకు రమ్మనండి.”

నేను తలుపు దాకా నడిచాను. ఎడమ వైపు కాంపౌండరు గది. ఎదురుగా వరండాలో పెడన, ఈ రోగి కోసమే వేడినీళ్ళ సీసాలకు గుడ్డ చుడుతోంది. నేను అంటించిన కాగితం నా భుజం పక్కనే ఉంది. ఎవరో తెలియని మగవాళ్ళు వచ్చి ఎత్తితే ఏమవుతుందో నాకు తెలియదు. నేను తప్పించిన అమ్మాయి వచ్చి ఎత్తితే ఏమవుతుందో కూడా తెలియదు. కానీ నడుం దగ్గర బరువు లేదని ఆమె అన్న మాటా, ఇప్పుడు నడుం దగ్గరే జారిన బరువూ రెండూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఎడమ వైపు తిరగలేదు.

“లోపలికి రా,” అన్నాను.

ఆమె కాగితం వంక చూసింది.

“అది నేను రాసిందే. రా,” అన్నాను.

పెద్ద డాక్టరు గారు ఆమెను చూసి, మళ్ళీ రోగి నాడి పట్టుకున్నారు. పెడన తల వైపుకు వచ్చింది. రోగి ముఖం చూసింది, దుప్పటి చూసింది. “అంచులు ఇంకా చుట్టండక్కా. మీ వేళ్ళు ఆవిడ ఒంటికి తగలాలి,” అని గుడివాడ నర్సుతో అంది. నలుగురూ చుట్టారు. తల వైపు ఉన్న ఒకరిని రోగి తల పట్టుకోమని, ఆ మూల అంచు తాను అందుకుంది. లెక్క పెట్టమంటావా అని అడిగాను.

“లెక్క వద్దండీ. ఎవరూ ఎత్తొద్దు. ముందు బరువు తీసుకోండి. నెమ్మదిగా.”

దుప్పటి బిగిసింది. మనిషి బల్లను వదల్లేదు, కానీ గుడ్డలో ముడతలు ఒక్కొక్కటే పోయాయి. ఆమె ఒక్కొక్కరినీ చూస్తూ అడిగింది. “వచ్చిందా అక్కా?” వచ్చిందన్నారు ఒకరు. “మీకు?” వచ్చింది. మూడో ఆమె, “ఇంకా లేదే” అంది. “అయితే ఆగుదాం,” అంది పెడన. అందరూ ఆగారు. పెద్ద డాక్టరు గారు కూడా ఆగారు. “ఇప్పుడొచ్చింది,” అంది మూడో ఆమె.

“సరే. లేపుదాం.”

రోగి లేచింది. జానెడు ఎత్తు, బల్లపరుపుగా. స్ట్రెచరు కిందికి వెళ్ళింది. వరండా దాటారు, వార్డులో దింపారు, పక్కన వేడినీళ్ళ సీసాలు సర్దారు. నాడి సరిగ్గా ఉంది. మూడు వారాల తరవాత ఆ కోడలు తన కాళ్ళ మీద తాను నడిచి పడవ ఎక్కింది.

ఆ మధ్యాహ్నం నేను ఆయాను పట్టుకున్నాను. పరీక్ష రోజు ఏం చేశావో నిజం చెప్పమన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తప్పేనండి. చదువుకున్న అమ్మాయిగార్లు నన్ను మోస్తుంటే హాయిగా బరువేసి పడుకోడానికి సిగ్గేసిందండి. మడాలూ మోచేతులూ ఆనించి నడుం కాస్త తేలగట్టాను. వాళ్ళు త్రీ అనేసరికి ఊపిరి బిగబట్టి కట్టెలాగా అయిపోయేదాన్నండి. నా వల్ల ఎవరికీ మార్కులు పోకూడదని.”

అదండీ సంగతి. ఏడుగురికి నేను నీలం గీతలు పెట్టింది ఆయా మర్యాదకు. తనను తానే మోసుకుంటున్న మనిషిని మోసి మేమంతా మురిసిపోయాం. మార్కులు వేశాననుకున్నాను, మరకలు వేశాను.

మరి నీకెలా తెలిసిందని పెడనను అడిగాను. ఆమె మాట్లాడిన అతి పొడుగైన మాట అదేనేమో. వాళ్ళ వీధిలో పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, సాగదీసి గంజి పెట్టి ఆరబెడతారు, వీధి పొడుగునా. హఠాత్తుగా చినుకులు పడితే ఇళ్ళల్లోంచి అందరూ పరిగెత్తుకొచ్చి పడుగు మొత్తాన్ని ఒక్కసారిగా ఎత్తి అరుగుల మీదికి చేర్చాలి. “లెక్కపెడితే చెప్పేవాళ్ళు సిద్ధమో కాదో తెలుస్తుందండీ, పట్టుకున్నవాళ్ళ సంగతి తెలీదు. ముందు బిగువు చేతికి రావాలి. అందరి చేతికీ వచ్చాకే ఎత్తుతాం. లేకపోతే పోగులు తెగుతాయండీ. మా నాన్న ఒక్క పోగు తెగినా ఆ పూటంతా మాట్లాడరు.” మద్రాసులో నాకు పట్టా ఇచ్చారు. పెడనలో ఆమెకు పట్టు ఇచ్చారు.

సాయంత్రం నోటుపుస్తకం తీసుకుని పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళాను. పరీక్షే తప్పుగా పెట్టానని, ఫలితాలన్నీ రద్దు చెయ్యమని చెప్పాను. ఆయా సంగతి చెప్తుంటే ఆయన కిటికీ వైపు తిరిగారు. నవ్వారో లేదో నాకు కనబడలేదు.

“అయితే నిజంగా పాసయింది ఎంతమంది?”

“ఒక్కతేనండీ. ఆ ఒక్కదాన్నీ నేను తప్పించాను.”

“మరి మీరు?”

“నేను పరీక్ష రాయలేదండీ.”

“రాయండి,” అన్నారు. “రెండు వారాలు. ఈసారి ఆ అమ్మాయిని పెట్టమనండి.”

ఈసారి రోగిగా ఆయా వద్దనుకున్నాం. పెడనా ఆయా కలిసి పరుపు గుడ్డతో మనిషంత సంచి కుట్టారు. తలా, చేతులూ, కాళ్ళూ వేరువేరుగా కుట్టి, కీళ్ళ దగ్గర వదులుగా తగిలించారు. కృష్ణ ఒడ్డునుంచి ఇసుక తెప్పించి నింపాం. దానికి సిగ్గు లేదు, ఊపిరి లేదు, ఎవరి మార్కుల మీదా జాలి లేదు. మొదటి రోజు ఎనిమిది మందిమీ దాని చేతిలో ఓడిపోయాం. ఎనిమిది అని ఎందుకన్నానంటే, పెడన స్థానంలో పరీక్షకు నిలబడింది నేను. నేను పొట్టిదాన్ని కావడంతో నా వైపు దుప్పటి ఎప్పుడూ వదులుగా ఉండేది. “సిస్టరు గారూ, మీ దగ్గర రాలేదండీ,” అని ఆమె ఎంతో మర్యాదగా, ఒక్క మార్కు కూడా వదలకుండా చెప్పేది. రెండుసార్లు తప్పాను. గుడివాడ నర్సు నా కోసం ఒక పీట తెచ్చి వేసింది. “పెద్ద పదవికి పీట ఉండాలిగా,” అంది. ఆ పీట మీద నిలబడి మూడోసారి పాసయ్యాను. అందరం పాసయ్యాం. హమాలీలు రాలేదు.

పెడనకు థియేటరు తిరిగి ఇచ్చారు. మిగిలిన రెండు నెలలూ ఆమె అక్కడే పనిచేసింది. ఆ చివరి వారంలో జరిగిన ఒక్క ముక్క చెప్పి ఆపుతాను.

ఆ పూట వరసగా నాలుగు ఆపరేషన్లు. మూడోది అయింది, నాలుగో రోగి వరండాలో మూలుగుతోంది. పెద్ద డాక్టరు గారికి తొందర. బల్ల మీది మనిషిని లేపబోతున్నాం. ఒకరి దగ్గర బరువు ఇంకా రాలేదు, మేం ఆగాం. ఆయన ఆగలేక తానే వచ్చి దుప్పటి అంచు మీద చెయ్యి వేశారు. బెజవాడ మొత్తంలో ఆ చేతికి ఎదురు చెప్పిన మనిషి నాకు తెలిసి లేదు. ఇంకా సర్టిఫికెట్టు చేతికి రాని ఆ పిల్ల, దాని మీద సంతకం పెట్టాల్సిన మనిషి వైపు తలెత్తి చూసింది.

“మీరు వదిలెయ్యండి డాక్టరు గారూ. మీ చెయ్యి ముందే ఎత్తేస్తోందండీ,” అంది.

ఆయన చెయ్యి తీశారు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ పక్కన నిలబడ్డారు. మేం బరువు తీసుకున్నాం, ఆమె అందరినీ అడిగింది, అందరికీ వచ్చింది. రోగి లేచింది. స్ట్రెచరు వరండా మలుపు తిరిగేదాకా ఆయన ఆ గోడ దగ్గరనుంచి కదల్లేదు.